రోజుకో మడత

“అక్కా, నమస్తే. నాకు 43 ఏండ్లు. నాగర్‌కర్నూల్‌ల మెడికల్ షాపు నడుపుకుంటున్న. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. 2016ల హైదరాబాద్ పోయినప్పుడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట బొమ్మ చూసి ఒక లావు ఇంగ్లీషు పుస్తకం కొన్న. ‘ది ఎక్స్‌పాన్స్’ అనే అంతరిక్ష నవలల వరుసల మొదటిదంట. ముందు నెల సగం అర్థం కాలే. మందుల కంపెనీలోళ్లు ఇచ్చే ప్యాడ్ల మీద తెల్వని మాటలన్నీ రాసుకుంట చదివిన. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గిరాకీ ఉండదు, అప్పుడే నా చదువు. అట్ల ఎనిమిది పుస్తకాలయినయి. తొమ్మిదోది ఆఖరుది. కొని మూడేండ్లాయె, కవరు సుత ఇప్పలే. ఇప్పితే అయిపోతది గదా.

మా ఇంటామెది నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్ల ఊర్లు. ‘గంతగనం చదువుతవు, అండ్ల ఏమున్నదో నాకు జెప్పు’ అని ఒకసారి అడిగింది. గ్రహాల అవతలి నుంచి వచ్చిన పదార్థం, దర్వాజలు, ఇంజన్లు అని మొదలువెట్టిన. రెండు నిమిషాలకు ‘కూర మాడుతున్నది’ అని లేచిపోయింది. బామ్మర్దేమో ‘బావా, పోరగాండ్ల రాకెట్ కథలు ఈ వయసుల ఏంది? టీవీ సీరియల్ ఉన్నది, చూసి పడెయ్’ అంటడు. మా నాయిన పాలమూరు లేబర్ల పోయి డ్యాముల మీద మట్టి మోసినోడు. ఆయన కొడుకు కౌంటర్ల కూసొని చుక్కల కథలు చదువుడు నాకే ఒక్కోసారి సిగ్గనిపిస్తది. ఆఖరి పుస్తకం చదవాల్నా, అట్లనే పెట్టుకోవాల్నా? దీని గురించి మాట్లాడెటందుకు నాకు ఒక్క మనిషి లేడు.
– పేరు వెయ్యకుండ్రి, నాగర్‌కర్నూల్”

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. రాకెట్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. కవరు ఇప్పని పుస్తకం దగ్గర మాత్రం ఆగిపోయిన. అట్లాంటిది నేను చిన్నప్పుడు ఒకటి చూసిన.

మాది కల్వకుర్తి. ఆరో ఏడో తరగతి చదివే రోజుల్లో మా వాడకట్టు మొత్తానికి ఉత్తరాలు చదివిపెట్టే పిల్లను నేనే. గుంపుమేస్త్రీలు వచ్చి అడ్వాన్సులిచ్చి మనుషులను లారీలెక్కించుకొని పోయేటోళ్లు. ఇండ్లల్లో ముసలోళ్లు, బడి పిల్లలు మిగిలేటోళ్లు. మా ఎదురింటి అవ్వ కొడుకు బొంబాయి దిక్కు పోయిండు. ఆయన ఎవరితోనో రాయించి పంపేది నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్, మూడు మడతలది. నేను ఒక మడత చదవంగనే అవ్వ అరచెయ్యి అడ్డం పెట్టేది. “సాలు బిడ్డా, ఇయ్యాలటికి గంతే. మొత్తం సదివితే రేపటికేముంటది?” ఉత్తరం మళ్లీ మడిచి బియ్యం డబ్బాలో పెట్టుకునేది. రెండో మడత మర్నాడు, మూడోది ఆ మర్నాడు. నాకేమో కడుపు ఉబ్బిపోయేది.

ఒకసారి మూడో మడత చదువుదామని శుక్రవారం పొద్దున పోయిన. అవ్వ ఇంటి అరుగు మీద ఎవరో ముఖం మీద తువ్వాల కప్పుకొని, రేకు పెట్టె మీద తల పెట్టి పండుకొని ఉన్నడు. “ఎవడో రాత్రి తాగి పడ్డట్టున్నడు, మెల్లగ సదువు” అన్నది అవ్వ. నేను మెల్లగనే చదివిన. “బేస్తవారం రాత్రి బస్సుకు దిగుతున్న. పెట్టె బరువున్నది. తమ్ముణ్ణి బస్టాండుకు తోలియ్యి.”

ఇద్దరం అరుగు దిక్కు చూసినం.

అందుకే నువ్వు అడిగిన దానికి నా జవాబు సాఫ్ సీదా: చదవాలె. నీ తొమ్మిదో పుస్తకంలో ఎవరో ఎవరికో కబురు పెట్టిన్రు. అది బియ్యం డబ్బాలో ఉన్నది. కానీ ఇయ్యాలనే కవరు చింపమని చెప్పను. దానికి ముందు ఒక పని ఉన్నది, మీ ఇంటామెతో.

మధ్యలో మీ బామ్మర్దికి రెండు ముక్కలు చెప్పి పంపించేద్దాం. ఇట్లాంటి కథలను ‘స్పేస్ ఆపెరా’ అంటరు. 1941లో విల్సన్ టకర్ అనే ఆయన వెక్కిరింతగా పెట్టిన పేరది. అప్పట్లో అమెరికా రేడియోలో సబ్బుల కంపెనీల డబ్బుతో సాగదీసే నాటకాలను ‘సోప్ ఆపెరా’ అనేటోళ్లు. ఈ అంతరిక్ష కథలు కూడా ఆ జాతివే అని ఆయన తిట్టు. అంటే మీ బామ్మర్ది ఇప్పుడంటున్న మాట 80 ఏండ్ల పాతది. ఇంకొకటి, ఆయన చూడమన్న ఆ టీవీ సీరియల్ 2015లో మొదలై 2022లో ఆరు సీజన్లతో ఆగిపోయింది. 2018లో మొదటి ఛానల్ వాళ్లు వద్దనుకుంటే అభిమానులు చందాలేసుకొని, ‘సేవ్ ది ఎక్స్‌పాన్స్’ అని బ్యానర్ కట్టిన విమానాన్ని అమెజాన్ స్టూడియో మీద తిప్పించిన్రు. తర్వాతి మూడు సీజన్లు అమెజాన్ వాళ్లు తీసిన్రు. బాగానే తీసిన్రు, నేను కూడా చూసిన. కానీ అది ఆరో పుస్తకం దగ్గర ఆగిపోయింది. ఆఖరి మూడు పుస్తకాల కథ తెర మీద లేనే లేదు. నువ్వు ఎనిమిది దాకా వచ్చినవు. నీకు తెలిసినంత ఆయనకు తెలువది. ఈసారి వచ్చినప్పుడు చాయ్ పోసి ఊరుకో.

ఇప్పుడు మీ ఇంటామె సంగతి. ఆమె లేచిపోయిందంటే తప్పు కూరది కాదు, నీదే. నువ్వు కథను ఆఖరు కొస నుంచి పట్టుకున్నవు. ఆ నీలి పదార్థం, ఆ దర్వాజలు నీకు వెయ్యి పేజీలు నడిచినంక అందినయి. ఆమెకు మొదటి నిమిషంలోనే అందాలంటే ఎట్లా? మొదటి పుస్తకం ఎక్కడ మొదలైతదో ఒకసారి గుర్తు చేసుకో. ‘క్యాంటర్‌బరీ’ అని ఒక పాత ఓడ. దాని పని ఏంది? శని గ్రహం చుట్టూ ఉన్న వలయాల నుంచి మంచుగడ్డలు మోసుకొచ్చి, నీళ్లు లేని రాతి ముక్కల మీద బతికేటోళ్లకు తెచ్చిపొయ్యడం. పేరుకు అంతరిక్ష నౌక, పనికి నీళ్ల ట్యాంకర్. మొత్తం తొమ్మిది పుస్తకాల కథ ఒక నీళ్ల ట్యాంకర్‌ను ఎవరో పేల్చేసినందుకు మొదలైతది. మర్రిగూడలో పుట్టి పెరిగిన మనిషికి ఈ ఒక్క మాట చెప్పి చూడు. కూర సంగతి ఆమెనే మరిచిపోతది.

అంగారకుడికీ బృహస్పతికీ నడుమ తిరిగే రాళ్ల పట్టీ మీద పుట్టిన బెల్టర్ల ఒళ్ల గురించి కూడా ఆమెకు చెప్పు. మనిషిని కిందికి గుంజే బలం అక్కడ తక్కువ. అందుకని పిల్లలు పొడుగ్గా, సన్నగా సాగిపోతరు, ఎముకలు పలచబడతయి. వాళ్లను భూమి మీదికి తెస్తే సొంత బరువే వాళ్లను నలిపేస్తది. ఒక ఊరు మనిషి ఎముకల్లోకి ఎక్కడం అంటే ఏందో నేను నీకు చెప్పేదేమున్నది, మీ ఇంటామె చిన్నప్పటి నుంచి చూసే ఉంటది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదమంటరు. ఆ నీళ్లే ఏండ్ల తరబడి తాగి పండ్లు పచ్చబడ్డోళ్లు, నడుము వంగి లేవలేనోళ్లు ఆ మండలంలో ఎంతమందో. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఆ నీళ్లను బాగుచేసే పద్ధతిని నాగ్‌పూర్‌ల ఉన్న నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేసిన్రు. దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఏ దేశంలో ఫ్లోరైడ్ గురించి రాసినా ఆ పేరు తగులుతది. పుస్తకంలో బెల్టర్ పిల్లలకు ఎముకల మందు అవసరమన్న చోట నీకు ఏమనిపించిందో నాకు తెలువదు. మందుల షాపు నీది, ఆమె మర్రిగూడది. మీ ఇద్దరి నడుమ ఆ పేజీకి డిక్షనరీ అక్కర్లేదు.

మీ నాయిన ముచ్చట చివర్లో ఒక్క వాక్యంలో రాసి, సిగ్గనిపిస్తదని తేల్చేసినవు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఉన్న. బెల్టర్లు రాళ్లు తవ్వి లోహాలు తీస్తరు, ఓడలు కడతరు, స్టేషన్లు కడతరు. ఆ సంపద భూమికీ అంగారకుడికీ పోతది. వాళ్లకు మాత్రం పీల్చే గాలికి లెక్క, తాగే నీళ్లకు లెక్క. కృష్ణా నది తెలంగాణలోకి వచ్చేదే మన పాత పాలమూరు జిల్లాలో, తంగిడి దగ్గర. నది గడప దాటి లోపలికి వచ్చిన జిల్లా నుంచే మనుషులు తట్టాపారా పట్టుకొని దేశం మీద పడి, వేరేటోళ్ల పొలాలకు నీళ్లు మళ్లించే డ్యాములు కట్టిన్రు. ‘పాలమూరు లేబర్’ అంటే ఒక బ్రాండ్ లెక్క చెలామణి అయింది. ఆ పుస్తకాలు రాసినోళ్లు అమెరికాలో కూసొని రాసిన్రు, మన జిల్లా పేరు వాళ్లు వినకపోయి ఉండొచ్చు. అయినా మొదటి పుస్తకంలో బెల్టర్లు బతికే సెరెస్ స్టేషన్ గల్లీల గురించి చదువుతుంటే నాకు కోస్గి బస్టాండులో బొంబాయి బస్సు కోసం మూటల మీద కూసున్న మనుషులే కనపడ్డరు. నువ్వు ఏ కొడుకువో ఆ కథలే నీ చేతికొచ్చినయి. అట్ట బొమ్మ చూసి కొన్న అన్నవు, సరే, నమ్ముత.

ఇంకో ముచ్చట. ఈ కథల్లో దూరంగా ఉన్న మనుషులు ఫోన్‌లో మాట్లాడుకోలేరు, గమనించినవా? చాలామంది రచయితలు ఏదో ఒక మాయపెట్టె పెట్టి ఈ ఇబ్బందిని దాటేస్తరు. వీళ్లు దాటెయ్యలేదు. వెలుతురు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతది, మాట అంతకంటే ముందు పోలేదు. భూమి నుంచి అంగారకుడికి కబురు చేరాలంటే రెండు గ్రహాలు ఎంత దూరంలో ఉన్నయో దాన్నిబట్టి మూడు నిమిషాల నుంచి 22 నిమిషాలు పడతది. శని దాకా అయితే గంటకు పైనే. అందుకని వాళ్లు తమ ముచ్చటంతా ఒకేసారి చెప్పి రికార్డు చేసి పంపుతరు, జవాబు కోసం కూసుంటరు. ఎదురింటి అవ్వ కొడుకు ఉత్తరాలు అచ్చం అట్లనే ఉండేవి. “జరమొచ్చింది, సూది వేయించుకున్న” అని రాసేటోడు. అవ్వ ఏడ్చేది. ఆ జరం తగ్గి వారమై ఉండేది. పుస్తకంలో ఒక తల్లి, ఒక కొడుకు, నడుమ అంత దూరం ఉన్న చోట్లు వచ్చినప్పుడల్లా నేను పుస్తకం మూసి కాసేపు బయటకు చూసేదాన్ని.

వాళ్ల ఓడల కట్టడం గురించి కూడా ఆమెకు చెప్పు, కానీ ఇంజన్ పేరుతో మొదలుపెట్టకు. బస్సు ఒక్కసారి ముందుకు దూకితే వెనక్కి సీటుకు అతుక్కుంటం కదా, ఆ ఊపు ఆగకుండా ఉంటే అదే బరువు. అందుకే ఆ ఓడలు విమానం లెక్క అడ్డంగా ఉండవు, మేడ లెక్క అంతస్తుల మీద అంతస్తులు. కిందింట్లో ఇంజన్ నడిస్తే మనుషులకు నేల ఉంటది, ఆగితే గిన్నెలు, మనుషులు అన్నీ తేలిపోతయి. ఈ ఒక్క ముక్క చాలు. మిగతాది ఆమె అడిగితేనే.

అన్నట్టు, రెండో పుస్తకంలో ఆ పెద్దావిడ వస్తది చూడు, భూమి సర్కారులో చక్రం తిప్పే ముసలామె. చీర కడతది, పిస్తాలు నములుతది, మనుమలంటే ప్రాణం. నోరు తెరిస్తే మాత్రం ముందు తిట్టు, తర్వాత మాట. ఆమె పేరు క్రిస్జెన్ అవసరాల. అవసరాల అనేది మన తెలుగు ఇంటిపేరే! మొదటిసారి ఆ పేరు చూసినప్పుడు నేను కండ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివిన. కొన్ని వందల ఏండ్ల తర్వాత సౌరకుటుంబాన్ని నిలబెట్టే మనిషి ఇంటిపేరు మనదైతదని ఎవరనుకుంటరు? ఆమె మాట్లాడే తీరును నువ్వు ఇంగ్లీషులోనే చెప్పకు. మీ మేనత్తో, మీ ఊరి పెద్దమ్మో ఎవరో ఒకరు అట్ల మాట్లాడేటోళ్లు ఉండే ఉంటరు. ఆ గొంతు పెట్టి చెప్పు. ఓడ నడిపే అలెక్స్ కమాల్ కూడా అంతే. అంగారకుడి మీద ఒక లోయలో భారతీయులు, చైనీయులు, టెక్సస్ వాళ్లు కలిసి స్థిరపడ్డరు కనుక ముఖం మనది, యాస టెక్సస్‌ది. నారాయణపేట బజారులో తెలుగు, కన్నడం, మరాఠీ కలిపి కొట్టే మనిషిని తలుచుకుంటే అలెక్స్ దొరికినట్టే.

ఆ రెండో పుస్తకం నుంచే మొదలుపెట్టినా తప్పు లేదనుకుంట, ఇంట్లో చెప్పేటప్పుడు. గానిమీడ్ అనే చందమామ మీద సోయా పంట పండించే ఒక శాస్త్రవేత్త ఉంటడు కదా. యుద్ధం వచ్చి పంటల అద్దాలు పడిపోతయి. ఆయన బిడ్డ కనపడదు. ఆ పిల్లకు రోజూ మందు పడాలె, పడకపోతే బతకదు. ఆ తండ్రి రాతి సొరంగాల్లో తిండి లేక, బుద్ధి మందగించి, బిడ్డ పేరు అడుక్కుంట తిరుగుతడు. మందుల చీటీ పట్టుకొని అర్ధరాత్రి నీ షట్టర్ కొట్టిన తండ్రులను నువ్వెంత మందిని చూసి ఉంటవు! నీ షాపు కథ అది. మొదటి పుస్తకంలోని నీళ్ల ఓడ తర్వాత ఈ తండ్రి కథ చెప్పు. మిగతా యుద్ధం మెల్లగా తోసుకొని వస్తది.

ఇగ పద్ధతి చెప్తా. ఆ పుస్తకాల్లో ప్రతి అధ్యాయం పైన ఒక మనిషి పేరు ఉంటది. ఆ అధ్యాయం అంతా ఆ ఒక్క మనిషి కండ్లతోనే చూస్తం, ఇంకో అధ్యాయానికి ఇంకో మనిషి. అంటే పుస్తకమే మడతలు పెట్టి ఉన్నది. రోజుకు ఒక మనిషి. షాపు షట్టర్ దించి ఇంటికి పోయినంక, తిన్నంక, ఒకటే అధ్యాయం. పుస్తకం చేతిలో పట్టుకోకు. నువ్వు చదివినదాన్ని నీ మాటలో చెప్పు. మరిచిపోయిన చోట్ల కల్పించకు, “గుర్తు లేదు, రేపు చూసి చెప్త” అను. మర్నాడు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మళ్లీ తీసి చూసుకో. నీకు రెండోసారి చదివినట్టయితది, ఆమెకు మొదటిసారి విన్నట్టయితది. ఆ మందుల కంపెనీ ప్యాడ్లు పారెయ్యలేదు కదా? వాటిలోని మాటలన్నిటికీ ఇప్పుడు తెలుగు మాటలు వెతుక్కోవాల్సి వస్తది నీకు. కొన్నిటికి దొరకవు. అట్లాంటప్పుడు అసలు మాటే వాడు, ఆమెకు బస్సు, బోరు, ట్రాన్స్‌ఫార్మర్ వచ్చినప్పుడు ఇవి రావా?

చేతులు కూడా వాడు. బెల్టర్లు మొత్తం చేతులతో సైగ చేస్తరు, ఎందుకంటే అంతరిక్షపు దుస్తుల లోపల తల ఊపినా, భుజం ఎగరేసినా అవతలి మనిషికి కనపడదు. అవుననడానికి పిడికిలి ఊపే మనిషిని మీ ఇంటామె రెండు రోజుల్లో పట్టేస్తది, మూడో రోజు “ఇంకింత అన్నం పెట్టాల్నా” అంటే నువ్వే పిడికిలి ఊపుతవు.

ఒక జాగ్రత్త. ఆరో పుస్తకానికీ ఏడోదానికీ నడుమ కథలో దాదాపు 30 ఏండ్లు గడిచిపోతయి. నాకు తెలిసిన చాలామంది అక్కడ కోపమొచ్చి పుస్తకం పక్కన పెట్టిన్రు. నిన్నటిదాకా ఉరుకుతున్న ఓడ మనుషులు హోల్డెన్, నయోమీ, ఏమస్, అలెక్స్ ఒక్క పేజీ తిప్పంగనే జుట్టు నెరిసి, మోకాళ్లు నొస్తున్నయని కూసుంటరు. నాకైతే ఈ తొమ్మిదింటిలో అన్నిటికంటే నచ్చింది ఆ ధైర్యమే. మనం 33 ఏండ్లప్పుడు మొదలుపెట్టి 43లోకి వచ్చినం, వాళ్లు మాత్రం ఎప్పటికీ కుర్రోళ్లుగానే ఉండాల్నా? మొదటి పుస్తకం 2011లో వచ్చింది, తొమ్మిదోది 2021 నవంబర్లో. పదేండ్లు. మధ్యలో సైన్స్ ఫిక్షన్ కథలకు ఇచ్చే హ్యూగో బహుమతి కూడా వచ్చింది, 2020లో, మొత్తం వరుసకు. ఏడో పుస్తకం చెప్పేటప్పుడు ఒక సాయంత్రం కథ ఆపేసి ఆ 30 ఏండ్ల గురించే మాట్లాడుకోండి, మీ ఇద్దరి పాత ఫోటోలు బయటికి తియ్యండి.

ఇట్ల చెప్పుకుంట పోతే ఎనిమిది పుస్తకాలకు ఎన్ని నెలలు పడతదో లెక్క వెయ్యకు, ఒక్కోటి 500 పేజీలకు పైనే. ఏడాది పట్టనీ, ఏడాదిన్నర పట్టనీ. ఎనిమిదోది అయిపోయిన రాత్రి ఆమె “తర్వాత?” అంటది. అప్పుడు నీ దగ్గర జవాబు ఉండదు. కవరు చింపాల్సిందే. అప్పుడు భయం నీది కాదు, ఆమెది. నువ్వు చదివి చెప్పేటోనివి, వినేటోళ్లు ముందు కూసుంటే కథ చెప్పేటోనికి ఆఖరు మడత దాచుకునే హక్కు ఉండదు. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకొని పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ చెప్పేటోళ్లను మీ దిక్కు విని ఉంటవు. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. చివర సాయన్నకు ఏమైతదో ముందు కూసున్న ప్రతి మనిషికీ తెలుసు. అయినా ఆ చివరికి పోకుండా లేచిరమ్మంటే ఎవరన్నా లేస్తరా?

నీకు ఇంకో అదృష్టం ఉన్నది, నువ్వు దాన్ని గమనించినట్టు లేదు. నీ కథ పూర్తయింది. ఇది చిన్న విషయమనుకోకు. ఈ రకం నవలల్లో ‘కల్చర్’ వరుస రాసిన ఇయన్ బ్యాంక్స్ 2013లో చనిపోయిండు, ఇక అందులో కొత్త పుస్తకం రాదు. ఇక మన సంగతే చూడు. నన్నయ పదకొండో శతాబ్దంలో భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం నడుమ ఆగిపోయిండు. ఆయన ఆఖరి పద్యమని చెప్పుకునేది శరత్కాలపు రాత్రుల్లో చుక్కల వరుసల గురించి, విచిత్రం. పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చి ఆ చోటు ముట్టకుండా విరాటపర్వం నుంచి చివరి దాకా రాసేసిండు. నడుమ పడ్డ గుంత పూడ్చడానికి పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన రావాల్సి వచ్చింది. అన్నాళ్లు తెలుగు పాఠకుడు అడవిలోనే నిలబడి ఉన్నడు. నీ పుస్తకం మీద జేమ్స్ ఎస్. ఎ. కోరీ అని ఒకటే పేరు ఉన్నది కానీ రాసింది డేనియల్ ఏబ్రహమ్, టై ఫ్రాంక్ అని ఇద్దరు. ఇద్దరూ పదేండ్లు విడిపోకుండా కూసొని ఆఖరి పేజీ దాకా వచ్చిన్రు. మనకు ముగ్గురు కావాల్సి వచ్చింది, మూడు శతాబ్దాలు పట్టింది.

తొమ్మిదోది నేను చదివిన. ఏం జరుగుతదో చెప్పను, అడగకు. అది అయినంక కూడా కొంచెం మిగులుతది. నడుమ నడుమ వాళ్లు రాసిన చిన్న కథలన్నీ కలిపి ‘మెమరీస్ లీజియన్’ అని 2022లో ఒక పుస్తకం వేసిన్రు. అందులో ఒక కథ ఆఖరి పుస్తకం తర్వాత జరుగుతది. అది బియ్యం డబ్బాలో దాచుకో, నాకు అభ్యంతరం లేదు. అది కూడా అయిపోయినంక లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ రాసిన వోర్కోసిగన్ కథలు వెతుక్కో. గాజు లెక్క పుటుక్కుమనే ఎముకలతో పుట్టిన పిల్లగాడు, బలమే గొప్ప అనుకునే గ్రహం మీద పెరుగుతడు. 1986 నుంచి వస్తున్నయి. అబిడ్స్‌లో ఆదివారం పొద్దున్నే పోతే దొరుకుతయి, మధ్యాహ్నానికి మంచివి ఉండవు.

మాట్లాడటానికి ఒక్క మనిషి లేడని రాసినవు. నువ్వు ఎనిమిది పుస్తకాలు ఒంటరిగా చదివినవు, అది నిజం. కానీ ఇంట్లో ఒకామె “అండ్ల ఏమున్నదో నాకు జెప్పు” అని అడిగింది, అది కూడా నువ్వు రాసిందే. రేపు రాత్రి నీళ్ల ఓడ నుంచి మొదలుపెట్టు. ఆమె లేచిపోతే నాకు మళ్లీ రాయి, ఇంకో దారి చూద్దాం.

ఎదురింటి అవ్వ కొడుకు ఆ రేకు పెట్టెలో ఏం తెచ్చిండో చెప్పలేదు కదూ. నీ తొమ్మిదో పుస్తకం అయిపోయిందని ఉత్తరం రానీ, అప్పుడు చెప్త.